కావి పట్టెల గోడ

"మొదట ఆ దీపం ఎవురిదో వాళ్లని ఎత్తుకొని పొమ్మను. మిగిలింది తర్వాత మాట్లాడదాం," అన్నది వీరమ్మాళ్.

విరుదునగరం నుండి పొద్దుటి రైలులో వచ్చి, జట్కా దిగి, నడుమున ఉన్న వెదురుబుట్టను ఇంకా కిందికి దించని కోడలు పుష్పానికి ఆ మాట నేరుగా గుండెకు తగిలింది. చెల్లెలి బిడ్డను తొట్టిలో వేసే వేడుకకని రెండు నాళ్లు పుట్టింట ఉండి వచ్చిన మనిషికి కాళ్లకు నీళ్లు అందించడం ఆ ఇంటి ఆచారం. నీళ్లచెంబు గడప పక్కనే ఉంది. దాన్ని అందించవలసిన అత్తగారి చేతులు రెండూ ఆమె నడుము మీద ఉన్నవి.

"దీపం నేను చూడలేదు అత్తా. చెప్పులే చూసినాను."

"చెప్పులు చూసినావు కదా. చెప్పులుండే చోట దీపం ఉండకుండా పోతుందా?"

పుష్పం చూసిన మాట నిజమే. కోవిల్‌పట్టి వీధి మలుపు తిరిగీ తిరగగానే, తమ పత్తి గిడ్డంగి ముందు ఊరివాళ్ల చెప్పులు వరుసగా విడిచి ఉండడం, ఆ వరుసకు ఈవల పత్తి బండ్లు ఒకదాని వెనుక ఒకటి నిలిచిపోయి ఉండడం, ఎద్దులు విసుగుతో గంటలు ఆడించడం ఆమె కంటబడినవి. ఎవరైనా పోయినారేమోనని మొదట అనుకొన్నది. అంతలో తల ఎత్తి గోడను చూసింది.

వెల్లవేసి పది నాళ్లయినా కాని ఆ తెల్లని గోడ మీద, ఈ కొస నుండి ఆ కొస దాకా, నేల నుండి చూరు దాకా, నిలువునా ఎర్రని కావి పట్టెలు. ఒక ఎరుపు, ఒక తెలుపు. ఒక ఎరుపు, ఒక తెలుపు.

ఆ సీమలో పసిపిల్లకైనా తెలిసిన సంగతి ఇది: కావి, సున్నం పట్టెలుగా తీర్చిన గోడ మనుషుల గోడ కాదు. అది సామి గోడ. దాని ముందు చెప్పుతో నడవరు, దానికి వీపు ఆనించరు, దాని నీడలో ఎద్దును కట్టరు.

"లోపల మూట్టలు మోసేవాళ్లు చెప్పులిడిచి పోతాండారు. బీడీ తాగేదానికి వీధి కొసకు పోతాండారు. ఒకడైతే సాంబ్రాణి వేసినాడు," అని వీరమ్మాళ్ కొనసాగించింది. "నీ మామ నిన్నటి నుంచి నాతో మాట్లాడలే. నేనేమి చేసినాను? నేను బ్రష్షు పట్టినానా?"

"పిల్లలు యాడ అత్తా?"

"ఉండారు. తిన్నె మీద. రాజసబలో కూర్చున్నట్టు."

గిడ్డంగి ముందుభాగాన్ని మామగారు దామోదరసామి నాయకరు వీధి పిల్లల బడికి ఇచ్చి ఏడాది దాటింది. పొద్దున అక్షరాలు, లెక్కలు వేలాయుదం వాధ్యారు చెప్పుతారు. మధ్యాహ్నం బొమ్మలు పుష్పం చెప్పుతుంది. ఈ రెండు నాళ్లూ మధ్యాహ్నం పిల్లలను కనిపెట్టి ఉండమని ఆమె వాధ్యారును వేడుకొని పోయింది. ఆయన ఉన్నారు. గోడకు ఆవలి పక్క, పత్తి మూట మీద తల పెట్టుకొని, నిద్రలో ఉన్నారు.

పిల్లలు నిజంగానే రాజసభలో కూర్చున్నట్టే కూర్చున్నారు. మోచేతుల దాకా కావి. టీచరమ్మను చూడగానే ఒక్కమారుగా లేచి నిలిచినారు. వాళ్ల ముఖాలలో భయం లేదు. మెచ్చుకోలు కోసం ఎదురుచూసే వెలుగు ఉంది. అదే పుష్పాన్ని మరింత ఇరుకున పెట్టింది.

"ఎవరు చెప్పినారు మీకు గోడంతా వేయమని? కిటికీ కింద జానెడు వేయమని కదా కావి తొట్టి ఇచ్చిపోయినాను."

"మీరే చెప్పినారు టీచరమ్మా," అన్నది చెల్లమ్మాళ్. పిల్లలందరిలో నోరు ముందుండేది ఆ పిల్లకే. "రంగు ఒకటి, ఖాళీ ఒకటి. మరల రంగు, మరల ఖాళీ. డిజైను దానంతట అది నిలవదు, గోడ అయిపోతేనే నిలుస్తుంది అని చెప్పినారు."

"గోడ అయిపోయింది. నిలిపేసినాము," అన్నాడు వెనుకనుండి ఒకడు.

చేసిన కర్మ పిలవకుండానే వెంట వస్తుందని పెద్దలు చెప్పుతారు. చెప్పిన పాఠమూ అంతేనని ఆ పొద్దు పుష్పానికి తెలిసింది. ఆ మాటలు ఆమెవే. పలకమీద గీత గీసి, చేయి ఊపుతూ, ఎంతో ముచ్చటగా చెప్పిన మాటలు.

"మీరొచ్చేలోపల ముగించాలని తొందరగా చేసినాము," అని చెల్లమ్మాళ్ చేయి పట్టి లాక్కొనిపోయింది. "చూడండి టీచరమ్మా, ఒక్క చుక్క కారలే. తాడు కట్టి సుద్ద తట్టి, మీరు చూపించినట్టే గీత తీసినాము."

పట్టెలు నిజంగా నిటారుగా ఉన్నవి. కోపం రావలసిన చోట గర్వం వస్తున్నదే అని ఆమె తనను తానే గద్దించుకొన్నది. ఒక్క పట్టె మాత్రం నడుమ వంకరపోయి, దేనినో తప్పుకొన్నట్టు తిరిగి, మరల నిలువునా సాగింది.

"ఇదేమి?"

"ఆడ బల్లి ఉండింది. తోలితే పోలే. సుమ్మా, ఊరికే దాన్ని సుట్టుకొని వేసినాము."

ఆ వంపు కిందనే ప్రమిదలో దీపం వెలుగుతున్నది. దీపం ముందు రాక్కమ్మాళ్ అవ్వ చెంగు కప్పుకొని కూర్చొని ఉంది. ఎదురింటి అవ్వ, తొంభై ఏండ్లకు దగ్గర, వీధిలో ఎవరికైనా ముందు మాట ఆమెదే.

"పుష్పం, నీ పిల్లోళ్లు వేయలేదు దీన్ని. వాళ్ల చెయ్యి పట్టి ఆయన వేయించుకొన్నాడు," అన్నది అవ్వ. "బల్లి నిలిచిన చోట పట్టె వంగింది చూడు. బల్లికి జాగా విడిచిన గోడ యాడైనా సూసినావా?"

"అవ్వా, ఇది పత్తి గిడ్డంగి."

"కంబంలో ఉండినోడు గిడ్డంగిలో ఉండడా?"

దీనికి శాస్త్రం చదివినవాళ్లయినా జవాబు చెప్పలేరు. పుష్పం దీపాన్ని తప్పుకొని లోపలికి నడిచింది.

లోపలి వసారాలో పంచాయతీ అప్పటికే కూడింది. బండ్లవాళ్ల పెద్ద సుబ్బురాజ్, తోలు కొరడాను దూరంగా గుంజకు తగిలించి వచ్చి, తలపాగ చంకలో పెట్టుకొని నిలిచి ఉన్నాడు. నాయకరు ఊయల బల్ల మీద కూర్చొని ఉన్నారు. బల్ల ఊగడం లేదు. అది మంచి శకునం కాదని ఆ ఇంట అందరికీ తెలుసు.

"సామీ, నేను తెలియకుండా అడుగుతాను," అన్నాడు సుబ్బురాజ్. "కాలిలో తోలు, చేతిలో తోలు, ఎద్దు మెడలో తోలు. ఇదంతా పెట్టుకొని పట్టెగోడ వాకిట్లోకి బండి ఎట్ల తోలేది? నా వాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకొన్నా ఎద్దు ఒప్పుకోదు."

"ఎద్దు చెప్పిందా నీకు?" అన్నది వీరమ్మాళ్.

"ఆడనే నిలిచిపోయింది అమ్మా. ఇంకెట్ల చెప్పేది?"

"పడమట చూసినావా?" అన్నారు నాయకరు. అందరూ చూసినారు. ఎండాకాలపు మబ్బు నల్లరేగడి మట్టి రంగులో దిగబడి వస్తున్నది. బండ్ల మీద పత్తి, పైన గుడ్డ లేకుండా, ఆకాశానికి ముఖం ఎత్తి ఉంది.

"సున్నం కొట్టించుడి. సాయంకాలానికి ముగిసిపోతుంది," అన్నది వీరమ్మాళ్.

"వెల్ల వేసే చౌడయ్యను పిలిపించినాను," అన్నారు నాయకరు. "వాడు వచ్చినాడు, చూసినాడు, కళ్లకు అద్దుకొన్నాడు, పోయినాడు. పట్టె వేసేదానికి పిలవండి వస్తాను, పట్టె చెరిపేదానికి నా చెయ్యి లేవదు అన్నాడు. వాణ్ని తప్పు చెప్పేది ఎట్ల? నాకే లేవదు."

ఆయన నిత్యం మూడు వేళలా నామం దీర్చి, పారాయణం ముగించి గాని మంచినీళ్లు ముట్టని మనిషి. గోడను చెరపడానికి భక్తి అడ్డం, ఉంచడానికి పత్తి అడ్డం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్టయింది ఆయన పని.

అప్పుడు ఆయన కోడలి వైపు చూసినారు. ఆ చూపు ఎంతో మెత్తగా ఉన్నందుననే ఆమె బెదిరింది.

"పుష్పం. బొమ్మల గది నీకు ఇచ్చిన పొద్దు నేను ఏమి చెప్పినాను?"

"బొమ్మల వల్ల ఒక్క ఫిర్యాదు గడప దాకా వస్తే, ఆ పొద్దుతో బొమ్మలు సరి అన్నారు మామా."

"వచ్చిందా?"

సుబ్బురాజ్ తలపాగను ఈ చంక నుండి ఆ చంకకు మార్చుకొన్నాడు. "సామీ, నేను ఫిర్యాదు చెప్పలే. సుమ్మా అడిగినాను, అంతే."

"వచ్చింది మామా," అన్నది పుష్పం.

"తాళంచెవి."

ఆమె కొంగుముడి విప్పింది. విరుదునగరానికి పోయినా, తొట్టిలో బిడ్డకు పాట పాడినా, ఆ ముడిని విప్పలేదు. పెండ్లయి వచ్చిన ఇన్నేండ్లలో ఈ ఇంట ఆమెది అని చెప్పదగినది ఆ గది ఒక్కటే. రంగు రాళ్లు, సుద్దలు, పిల్లలు చింపిన కాగితాలు, గోడకు ఆనించిన పలకలు. నాయకరు తాళంచెవిని అందుకొని తమ మొలతాటికి కట్టుకొన్నారు. భర్త చెల్లసామి పత్తి చూడడానికి కయత్తారు పోయి ఉన్నాడు. ఉండినా తల్లి ముఖం ఒకమారు, తండ్రి ముఖం ఒకమారు చూసి, నీళ్లు తాగడానికి లోపలికి పోయి ఉండేవాడు.

ఊయల గొలుసు చిన్నగా కిర్రుమన్నది.

"మామా, ఒకటి అడుగుతాను," అన్నది పుష్పం. "పట్టె చెరిపితే పాపం. పట్టెకు పక్కన ఇంకొకటి వేస్తే?"

"ఏమి వేస్తావు?"

"చెరపము మామా. ఒక్క పట్టె తాకము. తెలుపులో పని చేస్తాము. సాయంకాలానికి అది గుడి గోడగా కనబడదు."

నాయకరు ఆమెను చూసినారు, మబ్బును చూసినారు. తర్వాత లేచి, అంగవస్త్రం సర్దుకొని, దేవుడి అరలోకి పోయి తలుపు చేరవేసుకొన్నారు.

"చెప్పలేదే ఏమీ," అన్నది పుష్పం.

"వద్దు అనాలంటే అని ఉంటారు," అన్నది వీరమ్మాళ్.

"సరి అని కూడా అనలేదు అత్తా."

"ఈ ఇంట్లో సరి అని ఎవురు ఎప్పుడు అన్నారు? నా పెండ్లికే ఆయన సరి అనలే. వచ్చి కూర్చున్నారు, అంతే." అంటూ ఆమె అప్పటికి నీళ్లచెంబు ఎత్తి కోడలికి అందించింది. "కాళ్లు కడుక్కో. రంగులు గదిలో ఉండిపోయినవి కదా, దేనితో వేస్తావు?"

పుష్పం జవాబుగా వంటింటి వైపు చూసింది. ఆ చూపు అర్థమైన క్షణాన వీరమ్మాళ్ ముఖం చిన్నబోయింది. అయినా దారి విడిచి నిలిచింది.

పసుపు డబ్బా బయటికి వచ్చింది. పొయ్యి మీది మూకుడుకు పట్టిన మసి గీకి వచ్చింది. చెల్లమ్మాళ్ వాళ్ల పెరటి నుండి అవిసాకు తెచ్చి, రోట్లో నూరి, పసరు పిండింది. గిడ్డంగి మూల నుండి పాత సున్నపు తొట్టి వచ్చింది. తాటినార కొసలు నలిపి కుంచెలు చేసినారు. సుబ్బురాజ్ తనంతట తానే పోయి, ఊరి చివర చేను గట్టు నుండి పత్తిచెట్టు ఒకటి వేరుతో పీకి తెచ్చి, దూరంగా నిలబడి చాచి పట్టుకొన్నాడు.

"పట్టె ఏ రంగు?" అని పుష్పం పిల్లలను అడిగింది.

"కావి."

"పత్తిచెట్టు కాడ ఏ రంగు? దగ్గరికి పోయి చూడండి. తెలిసిందని చెప్పకండి, చూసి చెప్పండి."

పిల్లలు సుబ్బురాజ్ చుట్టూ మూగినారు. చెల్లమ్మాళ్ కాడను గోటితో గీకింది. ఆ పిల్ల కళ్లు పెద్దవైనవి.

"ఎరుపు టీచరమ్మా. కావి మాదిరే."

"అట్లయితే ఇది ఏమి గోడ?"

అప్పుడు పిల్లలు కేక వేయలేదు. నిశ్శబ్దంగా గోడ వైపు తిరిగి, పొడుగునా నిలిచిన కాడలను మొదటిమారు చూసినట్టు చూసినారు. పాఠం చెప్పేవాళ్లకు ఆ నిశ్శబ్దాన్ని మించిన దక్షిణ లేదు.

పని మొదలైంది. కాడకు ఇటు ఒక కొమ్మ, అటు ఒక కొమ్మ. అవిసాకు పసరుతో ఆకులు. పొట్టివాళ్లు కింద కాయలు, పొడుగువాళ్లు గిడ్డంగిలోని పాత బండి నొగ మీద ఎక్కి పైన పువ్వులు. పువ్వు దగ్గర జగడం వచ్చింది. పసుపు అని ఒకడు, కాదు ఎరుపు అని ఒకతె. పొద్దున విరిసేటప్పుడు పసుపు, వాడేటప్పుడు ఎరుపు అని పుష్పం తీర్పు చెప్పగా, ఎవరి గడియ పువ్వు వాళ్లు వేసుకొన్నారు. విచ్చిన కాయల నుండి పొంగే పత్తికి మాత్రం వేరే రంగు అక్కర లేకపోయింది. గోడ తెలుపే పత్తి అయి నిలిచింది. దాని చుట్టూ మసితో సన్నని గీత ఒకటి చాలింది.

రాక్కమ్మాళ్ అవ్వ దీపాన్ని చేత్తో కాపాడుకొంటూ ఇదంతా చూస్తూనే ఉంది.

"దేవుడిని తోలేదానికి ఇంత మందా?"

"తోలలేదు అవ్వా. చేనులో కూర్చోబెట్టినాము," అన్నది చెల్లమ్మాళ్. "మీరు రవంత జరగండి, ఆడ కాయ రావాలి."

అవ్వ జరిగింది. మరొక కాయ కోసం మరల జరిగింది. జరిగి జరిగి తన చెప్పుల దాకా వచ్చేసింది. వాటిని చూసింది, గోడను చూసింది.

"చేను అయితే చెప్పుతో నడవొచ్చు కదా," అని గొణిగి, దీపాన్ని ఎత్తుకొని, చెప్పులు తొడుక్కొని, వీధి దాటింది.

వీధికి కావలసింది అంతే. ఒక్కొక్కరుగా వచ్చి చెప్పులు వెదుక్కొన్నారు. వేరొకరి చెప్పు కాలికి ఎక్కించుకొన్నవాళ్లు తిరిగి వచ్చి మార్చుకొన్నారు. సుబ్బురాజ్ గుంజ మీది కొరడా అందుకొని, ఎద్దు ముఖం చూసి, "ఏమి అంటావు?" అని అడిగినాడు. ఎద్దు ఏమీ అనలేదు. బండి కదిలింది. చివరి బండి వాకిలి దాటి లోపలికి పోయిన వెంటనే వాన మొదటి చినుకులు పడినవి. చూరు వెడల్పు కాబట్టి గోడ తడవలేదు.

వీరమ్మాళ్ పసుపు డబ్బా అడుగు చూసి నిట్టూర్చి, ఆ నిట్టూర్పుతోనే పిల్లలందరికీ పణియారాలు పోసింది. "విరుదుపట్టి మనిషి ఇల్లు కూల్చినా కూల్చుతుంది, కట్టినా కట్టుతుంది," అని పొయ్యికి చెప్పుకొన్నది. ఊరి పేరు విరుదునగరమని మారి ఏండ్లయినా ఆమె నోట అది విరుదుపట్టియే.

నాయకరు మాత్రం బయటికి రాలేదు. వాకిట బండ్లు కదలిన చప్పుడు విన్నారు, వాన విన్నారు, పిల్లల నవ్వులు విన్నారు. భోజనానికి వచ్చినప్పుడు చారు బాగుందని అన్నారు. గోడ మాట ఎత్తలేదు. మొలతాటికి తాళంచెవి అట్లనే వేలాడుతున్నది. పుష్పం వడ్డిస్తూ దాన్ని చూసింది. ఆయన ఆమె చూడడం చూసినారు.

మరునాటి పొద్దున వాకిట ముగ్గు వేయడానికి తలుపు తీసిన పుష్పం చేతిలో ముగ్గుపిండి అట్లనే నిలిచిపోయింది.

గోడ అడుగున, పట్టెపట్టెకూ ఒక గుప్పెడుగా, కొత్త పత్తి కుప్పలు పెట్టి ఉన్నవి. చేనిలో మొదటి కోత కోసిన ఆడవాళ్లు తొలి గుప్పెడు ఇంటికి తెచ్చుకోరు, చేనుతల్లికని గట్టుమూల విడిచి వస్తారు. నిన్న వానకు ముందే కోత ముగించి వచ్చినవాళ్లు, ఇంత చక్కని చేను ఊరి నడుమనే ఉండగా ఇంకొక గట్టు దేనికని అనుకొన్నట్టుంది. కుప్పల ముందు చెప్పులు. నిన్నటి వరుస కన్నా పొడుగు వరుస.

ఆ వరుస కొసన, అందరివాటికి కొంచెం ఎడంగా, ఇత్తడి మేకులు కొట్టిన పెద్ద చెప్పుల జత ఒకటి ఉంది. ఆ చెప్పుల చప్పుడు విని తలుపు చాటుకు తప్పుకోవడం ఆమెకు పెండ్లయిన మొదటి పొద్దు నుండి అలవాటు.

దామోదరసామి నాయకరు వట్టి కాళ్లతో గోడ ముందు నిలిచి ఉన్నారు. చేతులు జోడించలేదు. వంకర పట్టె దగ్గర వంగి, పిల్లలు మసితో వేసిన బల్లిని కంటికి దగ్గరగా చూస్తున్నారు.

"ఇది ఎవురు వేసింది?" అన్నారు, వెనుకకు తిరగకుండానే.

"పిల్లలంతా చేరి వేసినారు మామా."

"తోక పొట్టి."

ఆయన నిటారుగా లేచి గోడ మూల దాకా చూసినారు.

"కుడిపక్క మూలలో జాగా సుమ్మా, ఖాళీగా ఉండాది. ఎందుకు విడిచినారు?"

"పసుపు అయిపోయింది మామా. రంగులు గదిలో ఉన్నవి."

ఆయన మొలతాడు ముడి విప్పడానికి చాలా సేపు పట్టింది. ముడి గట్టిదో, మనసు గట్టిదో, చెప్పలేము. విప్పి, తాళంచెవిని అరచేతిలో పెట్టుకొని, చేయి చాచినారు.

"ఒక ఫిర్యాదు నిన్న వచ్చింది. అది నిన్నటితో సరి," అన్నారు. "ఇంకొకటి వస్తే మాత్రం పుష్పం..."

తాళంచెవి ఒక కొస ఆయన వేళ్లలో, ఒక కొస ఆమె వేళ్లలో ఉండగానే, వీధి మలుపు దగ్గర సుబ్బురాజ్ బండ్ల గంటలు ఒక్కటొక్కటిగా ఆగిపోయినవి.